ఆడటం వేరు, ఆడించడం వేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును. ఫుట్‌బాల్ చూడటం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. కాబట్టి ఆ ఆటలోంచే ఒక ప్రశ్న తెచ్చాను. గొప్పగా ఆడినవాడు గొప్పగా ఆడించగలడా?

ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటుంది. జాతీయ జట్టు ఓడిపోతుంది. దేశమంతా గగ్గోలు పెడుతుంది. అప్పుడు ఒకప్పటి మేటి ఆటగాణ్ణి పిలిచి జట్టు పగ్గాలు చేతికిస్తారు. చాలాసార్లు ఆయన అంతకుముందు ఏ క్లబ్బుకూ కోచ్‌గా పనిచేసి ఉండడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇక్కడ మాత్రం నేరుగా రచ్చలోకే దింపుతారు.

1984లో పశ్చిమ జర్మనీ యూరో పోటీల తొలి దశలోనే ఇంటిదారి పట్టింది. 1974లో ప్రపంచ కప్ అందుకున్న కెప్టెన్ ఫ్రాంజ్ బెకెన్‌బవర్‌ను పిలిచారు. ఆయనకు కోచ్ లైసెన్సు లేదు. అందుకని ‘టీమ్‌చెఫ్’, అంటే జట్టు పెద్ద, అనే హోదా ఇచ్చారు. 1986 ఫైనల్లో అర్జెంటీనా చేతిలో 3-2తో ఓడారు. 1990లో రోమ్‌లో అదే అర్జెంటీనాను 1-0తో ఓడించి కప్పు గెలిచారు. అప్పటినుంచి ప్రతి దేశానికీ తనకూ ఒక బెకెన్‌బవర్ దొరుకుతాడన్న ఆశ పుట్టింది.

ఫ్రాన్స్ 1988లో మిషెల్ ప్లాటినీని పెట్టుకుంది. 1990 ప్రపంచ కప్‌కు అర్హతే రాలేదు. 1992 యూరో అర్హత పోటీల్లో ఎనిమిదికి ఎనిమిదీ గెలిచారు. తీరా అసలు పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. బ్రెజిల్ 2006లో దుంగాను తీసుకుంది. 2007లో కోపా అమెరికా గెలిపించాడు. 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో విరామానికి 1-0 ఆధిక్యంలో ఉండి కూడా నెదర్లాండ్స్‌కు 2-1తో మ్యాచ్ వదులుకున్నారు. అర్జెంటీనా 2008లో మారడోనాను పిలిచింది. అప్పటికి ఆయన కోచ్ అనుభవమల్లా పదమూడేళ్ల కిందట రెండు క్లబ్బుల్లో గడిపిన కొద్దికాలమే. 2009లో బొలీవియాలో 6-1తో ఓడారు. 2010 ప్రపంచ కప్‌లో వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచి, క్వార్టర్ ఫైనల్లో జర్మనీ చేతిలో 4-0తో చిత్తయ్యారు. జట్టులో మెస్సీ ఉన్నాడు. ఆ ప్రపంచ కప్‌లో మెస్సీ ఒక్క గోలూ కొట్టలేదు.

ఆ రోజు జర్మనీ కోచ్ ఎవరు? యోఆకిమ్ లోవ్. ఆటగాడిగా దేశ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడని మనిషి. 2004లో జర్మనీ తన పాత స్టార్ క్లిన్స్‌మన్‌కు జట్టునిచ్చింది. ఆయనకూ కోచ్‌గా అనుభవం లేదు. అందుకే అప్పటికే క్లబ్బుల్లో పనిచేసి, స్టుట్‌గార్ట్‌కు 1997 జర్మన్ కప్ గెలిపించిన లోవ్‌ను సహాయకుడిగా తెచ్చుకున్నాడు. 2006లో మూడో స్థానం వచ్చింది. తరువాత జట్టు లోవ్ చేతికొచ్చింది. 2014లో ప్రపంచ కప్ ఇంటికొచ్చింది. బెకెన్‌బవర్ వెంట కూడా లైసెన్సున్న సహాయకులు ఉండేవారు. స్టార్లు నెగ్గిన చోట ఆ పక్కన నిలబడ్డ మనిషిని మనం చూడం.

ఇంకో లెక్క చెబుతాను. ఆటగాడిగానూ, కోచ్‌గానూ ప్రపంచ కప్ గెలిచినవారు ముగ్గురే. జగాలో, బెకెన్‌బవర్, డెషాంప్స్. జగాలో ముందు బొటఫోగో క్లబ్బును నడిపాడు. డెషాంప్స్ మొనాకో, యువెంటస్, మార్సెయ్ క్లబ్బుల్లో ఆ పని నేర్చుకుని 2012లో ఫ్రాన్స్‌ను చేపట్టాడు. నేరుగా వచ్చి గెలిచినవాడు బెకెన్‌బవర్ ఒక్కడే. అదే మనకు గుర్తుండిపోయింది.

జాతీయ జట్టుకు రోజువారీ శిక్షణ ఉండదు, ఆటగాళ్లు ఏడాదిలో కొద్ది వారాలే దొరుకుతారు, కాబట్టి పేరూ గౌరవమూ ఉన్న మనిషైతే చాలని ఒక వాదం ఉంది. నాకు సరిగ్గా తలకిందులుగా తోస్తుంది. క్లబ్బు కోచ్‌కు ఈ వారం లెక్క తప్పితే వచ్చేవారం దిద్దుకోవచ్చు. ప్రపంచ కప్ నాకౌట్‌లో తప్పితే మళ్లీ నాలుగేళ్లు. నేర్చుకోవడానికి అంతకంటే ఖరీదైన చోటు ఉండదు.

మా కర్మాగారాల్లోనూ ఇదే చూస్తాం. చేయి తిరిగిన పనివాణ్ణి సూపర్‌వైజర్‌ను చేస్తారు. యంత్రం మీద ఆయన చేయి పడితే చాలు, పనైపోతుంది. అదే పని కుర్రాడికి రాకపోతే ఎందుకు రావట్లేదో ఆయనకు అర్థం కాదు. తనకు తడబాటు లేకుండా వచ్చిన విద్యలో ఎదుటివాడు ఎక్కడ తడబడతాడో తెలియాలంటే అది మరో విద్య. ఇక్కడున్న మాస్టార్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

1994 ప్రపంచ కప్ ఫైనల్లో బ్రెజిల్‌కు పరేరా, ఇటలీకి సాకీ కోచ్‌లు. ఇద్దరూ ప్రొఫెషనల్‌గా ఫుట్‌బాల్ ఆడినవారు కారు!

అంత దూరమెందుకు, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఉన్నారు. వృత్తి రీత్యా బడిపంతులు. ఆయన చేతుల్లో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. అతడు సెమీ ఫైనల్లోనూ, ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. కుర్రాడిలో ఏముందో, అది ఎక్కడ పనికొస్తుందో కనిపెట్టే కన్ను అది. అప్పటికే క్యాన్సర్ ఉన్న ఆయన మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘం ముందు ఒక ప్రతిపాదన ఉంది. జిల్లా స్థాయిలో ఆడిన పూర్వ విద్యార్థులు ఆదివారాలు వచ్చి పిల్లలకు ఆటలు నేర్పాలని, పీఈటీ కోసం అనుకున్న డబ్బు భవనానికి వాడుకోవాలని. మిత్రులు తప్పకుండా రావాలి. వాళ్లను చూస్తేనే పిల్లలకు ఉత్సాహం వస్తుంది. కానీ వచ్చినవారు పీఈటీ మాస్టారి పక్కన నిలబడాలి తప్ప ఆయన స్థానంలో కాదు. మిగిలిన ఆరు రోజులు ఆ పిల్లల్ని చూసుకునేది ఆయనే. ఆ డబ్బు ఆ ఉద్యోగానికే ఉంచండని సభ్యులందరినీ కోరుతున్నాను.

గోడమీద ఫొటో పెట్టించుకోగల పూర్వ విద్యార్థులు మనకు ఎందరో ఉన్నారు. వాళ్లను తయారుచేసిన మాస్టార్ల ఫొటోలు ఆ గోడమీద ఎన్ని ఉన్నాయో వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి.