వెండి రూపాయి మీది రంగు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలం చేసిన మన సభ్యులొకరి శ్రీమతి గారు ఈమధ్య నన్ను ఇంటికి పిలిపించారు. "అన్నయ్యగారూ, ఆయన పోగుచేసిన రూపాయలు అమ్మేద్దామనుకుంటున్నాను. రంగు తిరిగినవాటికి మంచి ధర వస్తుందని ఆయన అంటూండేవారు. ఒకసారి చూసిపెట్టండి" అన్నారు. అక్కడ చూసిందే, ఆమె అనుమతితో, ఇక్కడ మనవి చేస్తున్నాను.

నేను నాణేల శాస్త్రం చదివినవాణ్ణి కాను. సర్వీసంతా ఫైళ్ళు తిరగేసిన గుమాస్తాను. దిద్దిన తేదీని, తర్వాత ఇరికించిన అక్షరాన్ని పట్టుకోవడం అలవాటైన కన్ను, రిటైరయ్యాక నాణేలమీద పడింది.

మన సికింద్రాబాదు పాత కుటుంబాలకు రెండు రూపాయలు తెలుసు. కంటోన్మెంటులో ఇంగ్లీషువారి కల్దారు, నిజాం రాజ్యంలో హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. హాలీ చెలామణీ 1959తో ముగిసింది. 1939 వరకు వచ్చిన కల్దారులో నూటికి 91 పాళ్ళకు పైగా వెండి ఉండేది. చార్మినారు బొమ్మతో మొదట్లో వచ్చిన హాలీ రూపాయిలో సుమారు 82 పాళ్ళు.

వెండికి గాలిలోని గంధకపు ఆవిరి తగిలితే పైన సన్నని పొర కడుతుంది. నీళ్ళమీద కిరోసిన్ చుక్క పడితే రంగులు కనిపిస్తాయే, ఇదీ ఆ లెక్కే. రంగు పొరలో లేదు, పొర మందంలో ఉంది. పొర పెరిగేకొద్దీ ముందు లేత పసుపు, తర్వాత ఇటుక ఎరుపు, ఊదా, నీలం, చిట్టచివరకు నలుపు. దీన్ని టోనింగ్ అంటారు. అందంగా కుదిరితే సేకరించేవాళ్ళు ఎక్కువ ధర పెడతారు. ధర ఉన్నచోట దొంగ పని ఉండనే ఉంటుంది. గంధకపు మందులో ముంచీ, వేడి చేసీ ఒక్క పూటలో ఇంద్రధనుస్సు తెప్పించేస్తారు.

కాలం చేసిన పనికి వరస ఉంటుంది. సాధారణంగా అంచున మొదలై లోపలికి పాకుతుంది, ఒక రంగు మరోదానిలోకి మెల్లగా కలిసిపోతుంది. తెల్లటి వెండి పక్కనే, మధ్యలో పసుపూ ఎరుపూ లేకుండా, ముదురు నీలం దిగితే అనుమానించాలి. అరగని నాణేన్ని ఉదయపు ఎండలో అటూ ఇటూ వాల్చండి. అసలు టోనింగ్ కింద టంకశాల మెరుపు బండిచక్రం ఆకుల్లా తిరుగుతూ కనిపిస్తుంది. దొంగ రంగు చాలాసార్లు ఆ మెరుపును మూసేస్తుంది. చేతులు మారి అరిగిన నాణెం అయితే పల్లాల్లో ముదురుగా, ఎత్తుల్లో తేలికగా ఉండాలి. అరిగిన నాణెం నిండా నెమలికంఠం రంగు ఉందంటే భూతద్దం తీయవలసిందే. ఇంత చూసినా తేలని నాణేలు ఉంటాయి. అమెరికాలో నాణేలు పరీక్షించే పీసీజీఎస్ సంస్థ వారే కొన్నింటికి మామూలు గ్రేడు ఇవ్వకుండా 'రంగు ప్రశ్నార్థకం' అని రాస్తారు.

ఇక ఆమె డబ్బా సంగతి. పదకొండు రూపాయలు. ఒక కల్దారు మీద అడ్డంగా నల్లటి గీత. దాన్ని చింతపండు పెట్టి తోమడానికి విడిగా తీసి ఉంచారు. "వద్దు చెల్లెమ్మా" అని ఆపాను. అది రబ్బరు బ్యాండు వేసిన గీత. రబ్బరులోనూ గంధకం ఉంటుంది. చూడటానికి బాగోదు గానీ నిజమైనది. తోమితే గీతతోబాటు నాణెం పైపొర కూడా పోతుంది, ధర పడిపోతుంది. (మా ఇంట్లో లక్ష్మీపూజ రూపాయలన్నీ అలా నా చేతులమీదుగానే పాడయ్యాయి. అది వేరే కథ.)

మెరిసిపోతున్నవి మూడు, మూడూ చార్మినారు రూపాయలే. మినార్లు అరిగిపోయి ఉన్నాయి, ఊదారంగు మాత్రం అరిగినచోటా అరగనిచోటా ఒకేలా ఉంది. ఒకదానిమీద కొత్త గీరు పడి ఉంటే ఆ గీరులోకీ అదే రంగు దిగింది. గీరు పడ్డాక వేసిన రంగన్నమాట.

ఇక్కడే నాకు మాట పడిపోయింది. ఆ మొదటి రూపాయిని ఆయన డి.ఏ. బకాయి వచ్చిన నెలలో కొని, నేరుగా మా ఇంటికి తెచ్చి చూపించారు. నేను భూతద్దం తీయకుండానే "భలేగా ఉందండీ" అన్నాను. ఆ మాట విని మిగతా రెండూ అదే మనిషి దగ్గర కొన్నారు. ఈ విషయం ఆమెకు చెప్పకుండా లేచి రావచ్చు. చెప్పాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తెలియనివాళ్ళకు అమ్మేయమంటున్నాడు మా అబ్బాయి. కొన్నవాడి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇలాగే డబ్బా తెరుస్తారు కదండీ" అన్నారు. మూడు కవర్ల మీదా 'రంగు వేసినవి' అని నాచేతనే రాయించి, వెండి ధరకు రెండు అమ్మించారు. మొదటిది మాత్రం అమ్మలేదు. ఆయన దాన్ని రోజూ చూసుకునేవారట.

మీ ఇళ్ళల్లో పాత రూపాయలుంటే తోమకుండా, కాగితం కవర్లో పెట్టి, అంచులు పట్టుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. భూతద్దం నేను తెస్తాను. ఈసారి చూశాకే మాట్లాడతాను. సెలవు.