శనగగింజల లెక్క
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'రోజుకు కొంచెం అభివృద్ధి' అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. డెబ్బయి దాటినవాడికి ఇంకా అభివృద్ధేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. ప్రమోషన్ల సంగతి కాదు లెండి, నేను చెప్పబోయేది.

సి.పి. బ్రౌన్ దొర కూడా మనలాగే సర్కారు ఉద్యోగి. 1820లో కడపకు వచ్చాడు. కచేరీ పని ఎలాగూ తప్పదు. మిగిలిన వేళల్లో తెలుగు. తాళపత్రాలు తెప్పించి, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించాడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. మధ్యన ముప్పయి రెండేళ్ళు! మనకు అది ఒక్క పుస్తకంగా కనిపిస్తుంది. ఆయన చేతికి మాత్రం ఏ రోజుకారోజు కొన్ని మాటలుగానే వచ్చి ఉంటుంది.

మన గుమాస్తాలకు ఈ సంగతి పర్సనల్ రిజిస్టరు నేర్పింది. ప్రతి కాగితానికీ నంబరు, తేదీ, తీసుకున్న చర్య. సాయంత్రం బల్ల మీద కట్టలు చూస్తే పొద్దుట ఉన్నట్టే ఉండేవి. రిజిస్టరు తిరగేస్తేనే ఎన్ని కాగితాలు కదిలాయో తెలిసేది.

ఆ అలవాటు నాకు ఇంట్లో అక్కరకొచ్చింది. 2023 దసరా వెళ్ళిన వారంలో మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మొదటి కొన్ని నెలల్లో కోలుకోవడం త్వరగా ఉంటుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ, అయినా సాధన మానకూడదనీ డాక్టరుగారు చెప్పారు. పళ్ళెంలో శనగలు పోసి, ఒక్కొక్క గింజే వేళ్ళతో తీసి గిన్నెలో వెయ్యాలి. నేను నోటుపుస్తకం తెరిచాను. పది నిమిషాల్లో ఎన్ని గింజలు, అంతే పద్దు. మొదట్లో అన్నీ సున్నాలే. తొమ్మిదో రోజున ఒకటి. రెండో నెల చివరికి ఏడు. మధ్యలో జ్వరం వచ్చి మూడుకు పడింది, అదీ రాశాను. ఆడిటుకు దాచిన పద్దు ఎప్పటికైనా బయటపడేదే కదా!

చూడవచ్చిన చుట్టాలు "ఏమైనా నయమా?" అంటే, "ఏముందీ, అలాగే ఉంది" అనేది. ఒకరోజు "ఈ శనగల బాధ నాకొద్దు" అని పళ్ళెం తోసేసింది. నేను అన్నం కలిపి పెట్టడం ఆవిడకు చిన్నతనంగా ఉండేది. ఆ ఉక్రోషం శనగల మీదకు వెళ్ళింది. నేను సముదాయించలేదు. తేదీలూ అంకెలూ మొదటినుంచీ వరసగా చదివాను. అంతా విని, "ఆ ఏడు నిజంగా ఏడేనా, మీరు కలిపి రాశారా?" అంది. మర్నాడు తానే పళ్ళెం ముందుకు లాక్కుంది. పదకొండో నెలలో తన చేత్తో తానే అన్నం కలుపుకుంది. ముగ్గు గీత ఇప్పటికీ వణుకుతుంది. నాలుగు చుక్కలు దాటి వెళ్ళలేదు.

ఉద్యోగం నాటి మనతో పోల్చుకుంటే మనకు మిగిలేది దిగులే. పక్కింటాయనతో పోల్చుకుంటే మరీనూ. కిందటి నెల పేజీతోనే చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులవారు ఈవేళ వీధిలో ఎంత దూరం నడిచారో, సెల్‌ఫోను నేర్చుకునేవారు ఇవాళ కొత్తగా ఏం తెలిసిందో రాసుకోవచ్చు. నాలుగైదు పనులు పెట్టుకోకండి, ఒక్కటి చాలు.

పుస్తకం కొనక్కరలేదు. మనవల నోటుపుస్తకాల్లో ఏడాది చివర మిగిలే తెల్లకాగితాలు కుట్టుకోండి. క్యాలెండరు కాగితాల వెనక మాత్రం రాయకండి. మా ఇంట్లో అయితే అవి అలమార అరల్లోకి వెళ్ళిపోతాయి.