కంప్యూటరు తెర - గుమాస్తా సౌకర్యము

పెద్ద కంపెనీలలో కొనుగోళ్ళు, అమ్మకములు, జీతములు, సరకు నిల్వలు, అన్నింటి లెక్కలును నేడు ఒకే సాఫ్టువేరులో నడచుచున్నవి. ఇట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఎస్.ఎ.పి. ఐ.బి.ఎం. కొలువు విడిచిన అయిదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో ఆ సంస్థను స్థాపించినారు. మన అమీర్‌పేట శిక్షణాలయములలో దానిని 'శాప్' అందురు. ఈ విద్య నేర్చిన పిల్లలు మన శ్రోతలలో పలువురి ఇండ్లలో ఉందురు.

ఒకే సాఫ్టువేరు ఉక్కు కర్మాగారమునకును, మందుల కంపెనీకిని పనికి రావలెనన్న, తెరమీద అందరికి కావలసిన గడులును ఉండక తప్పదు. ఒక గిడ్డంగిలో మేము చూచిన గుమాస్తాగారు అమ్మకపు ఆర్డరు వ్రాయుటకు 'వి.ఎ.01' అను కోడు కొట్టి, తాను నింపవలసిన ఏడెనిమిది గడులకై నాలుగైదు పుటలు త్రిప్పుచుండిరి. "ఇవన్నీ ఎవరి కోసమండీ?" అని మమ్ము అడిగినారు. మాకు సమాధానము తోచలేదు.

అసలు ప్రోగ్రామునే తెరచి మార్చివేయరాదా అని తోచును. మార్చవచ్చును. తయారీదారు వద్ద తాళపు సంఖ్య తీసికొని పూర్వము అనేక సంస్థలు అట్లే చేసినవి. చిక్కు కొత్త కూర్పు వచ్చిననాడు తెలియును. మార్చిన భాగములన్నియు జాబితాగా బయటపడును. మన మార్పు నిలుపవలెనా, అసలుదానికి మరలవలెనా అని ఒక్కొక్కదానికి ఎవరో కూర్చుండి తేల్చవలెను. మార్చినవారు అప్పటికి ఉద్యోగము మారియుందురు. ఈ భయముచేతనే కొత్త కూర్పును ఏండ్లతరబడి వాయిదా వేసినవారు కలరు.

నిజమునకు గుమాస్తాగారి కష్టమునకు అంత దూరము పోనక్కరలేదు. అదే కోడునకు వేరొక రూపము ఏర్పరచి, అక్కరలేని గడులను మరుగుపరచవచ్చును, కొన్నింటిని ముందే నింపియుంచవచ్చును. ప్రోగ్రాములో ఒక్క పంక్తియు మారదు. అయితే మరుగుపరచుట వేరు, తాళము వేయుట వేరు. ఎవరు ఏది చూడవచ్చునను అనుమతులు విడిగా ఇవ్వవలసినవే.

కొత్త గడి కావలెనన్న కొంత పని యున్నది. కొనుగోలు ఆర్డరు తెరలో వాడుకరి సంస్థ తన సొంత ట్యాబు చేర్చుకొనుటకు తయారీదారే చోటు విడిచినాడు. అక్కడ టెండరు ఆమోదపు సంఖ్యవంటిది అమర్చుకొనవచ్చును. ఇట్టి సొంత ప్రోగ్రాముల పేర్లు 'జెడ్' తోనో 'వై' తోనో మొదలగును. ఆ అక్షరములు వాడుకరులకే విడిచినవి గనుక కొత్త కూర్పు వాని జోలికి రాదు. 2013లో వచ్చిన 'ఫియోరి' తెరలలో నేడు ప్రోగ్రాము తెలియని అనుభవజ్ఞుడైన ఉద్యోగియే గడులను జరుపగలడు, పేరు మార్చగలడు. ఆ మార్పులు అసలుదానిలో కలియక వేరొక పొరగా దాచబడి, తెర తెరచినపుడు దానిపై పరచుకొనును. ఇంత సులభమైనందున ప్రతి శాఖయు తన తెర తనకే కావలెననుటయు మొదలైనది; అది మాకు రుచింపలేదు.

తరువాత గుమాస్తాగారి పుటలు ఒకటికి దిగినవి. "బాగున్నదండీ. కాని అమ్మకపు శాఖ సంఖ్య రోజూ కొట్టుచునే యున్నాను" అన్నారు. అది ఆయన తన సొంత వివరములలో ఒక్కసారి వ్రాసికొనిన చాలును, తనంత తానే నిండును. ఆ సంగతి ఆయనకు అన్నేండ్లుగా ఎవరును చెప్పలేదు.