చలిరాత్రులలో ప్రాణరక్షణ, పొరుగువారి హక్కు

వేసవిని, శీతకాలాన్ని సృష్టించి, రెండింటిలోనూ తన దాసులకు పరీక్షనూ అనుగ్రహాన్నీ ఉంచిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకుల పైనా, సహచరుల పైనా శాంతి శుభాలు కురియుగాక!

అమ్మా బాద్.

ప్రియమైన సోదరులారా, పెద్దలారా, యువకులారా! ఈ ప్రసంగాన్ని ఇళ్లలో చదవబోయే తల్లులారా, చెల్లెళ్లారా! అల్లాహ్ పట్ల భయభక్తులతో మెలగవలసిందిగా ముందు మాకు మేము, ఆపై మీకూ హితవు చెప్పుకుంటున్నాము.

మార్గశిర, పుష్య మాసాలు మన ఉత్తర తెలంగాణకు గడ్డురోజులు. ఉత్తరం నుండి పొడిగాలి దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రివేళ పైకి తరలిపోతుంది. దానిని ఆపే మబ్బుతెర ఉండదు. అందుకే సిర్పూర్ (యు), గిన్నెధరి, అర్లి (టి) వంటి ఊళ్లలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు పడిపోవడం కొత్త కాదు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి ప్రాంతాలలో అంత తీవ్రత లేకపోయినా, ఒంటిపై సరైన బట్ట లేనివానికి 10 డిగ్రీల చలి కూడా చిన్నది కాదు. కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లేదా అంతకు దిగువకు వచ్చి, సాధారణం కన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే మైదాన ప్రాంతాలలో వాతావరణ శాఖ దానిని శీతల గాలుల పరిస్థితిగా ప్రకటిస్తుంది.

మనం ఎండకు భయపడతాము. చలివేంద్రాలు పెడతాము, గొడుగులు పంచుతాము. చలి విషయానికి వస్తే మాత్రం, ఇదేమైనా కాశ్మీరమా అని తేలికగా మాట్లాడతాము. మన ఇళ్లు కూడా ఎండను ఎదుర్కోవడానికి కట్టుకున్నవే. రేకుల కప్పు, సందులున్న తలుపు, గచ్చునేల గల ఇంట్లో పడుకునే వృద్ధునికి బయటి చలికీ లోపలి చలికీ పెద్ద తేడా ఉండదు.

సోదరులారా! చలి నుండి ప్రాణాన్ని కాపాడుకోవడం ధర్మానికి వెలుపలి విషయమని ఎవరూ తలచవద్దు. హిజ్రీ 8వ సంవత్సరంలో జాతుస్సలాసిల్ దండయాత్రకు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) నాయకత్వం వహించారు. ఒక రాత్రి ఆయనకు స్నానం విధి అయింది. చలి తీవ్రంగా ఉంది. స్నానం చేస్తే ప్రాణం పోతుందేమోనని భయపడి, తయమ్ముమ్ చేసి ఫజ్ర్ నమాజు చేయించారు. ఈ సంగతి దైవప్రవక్త (స) సన్నిధికి చేరింది. మిమ్మల్ని మీరు చంపుకోవద్దని అల్లాహ్ అన్నిసా సూరాలో ఆదేశించిన మాటను ఆయన తన కారణంగా విన్నవించుకున్నారు. ప్రవక్త (స) నవ్వి ఊరకున్నారు. ఆ నవ్వులో ఈ సముదాయానికి ఎంత పెద్ద సౌలభ్యం ఉన్నదో ఆలోచించండి!

దీనికి భిన్నమైన సంఘటన కూడా హదీసు గ్రంథాలలో ఉంది. ప్రయాణంలో ఒకరికి తలకు గాయమైంది. ఆపై స్నానం విధి అయింది. తయమ్ముమ్‌కు వీలుందా అని ఆయన తోటివారిని అడిగారు. లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించారు. తెలియకుండా తీర్పు చెప్పిన ఆ తోటివారిని ప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవడమే అజ్ఞానానికి మందు అని బోధించారు.

కనుక మా మనవి ఇది. వేడినీళ్లు దొరికినప్పుడు తయమ్ముమ్ వెతకవద్దు. వేడిచేసుకునే వీలు లేక, చన్నీళ్ల వల్ల ప్రాణానికో ఆరోగ్యానికో హాని కలుగుతుందనే నిజమైన భయం ఉంటే, దైవం ఇచ్చిన సౌలభ్యాన్ని కాదనవద్దు. వుజూ చేసి తోలు మేజోళ్లు తొడుక్కున్నవారు స్థానికంగా ఉంటే ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణంలో ఉంటే మూడు పగళ్లు మూడు రాత్రులు వాటిపై మసహ్ చేయవచ్చు. గుండెజబ్బు, ఉబ్బసం, పక్షవాతం ఉన్న పెద్దలు మంచు కురిసే వేళ ఫజ్ర్‌కు మస్జిదు చేరలేకపోతే, వారి సాకు దైవం వద్ద చెల్లుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. అటువంటి పెద్దలను కొడుకులు ఇంట్లోనే నమాజు చేయమని ఒప్పించాలి. ఒక్కరినే చీకట్లో పంపి తాము దుప్పటి ముసుగులో పడుకోవడం పుత్రధర్మం కాదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన విషయానికి వద్దాము. అది మంట.

ఒక రాత్రి మదీనాలో ఒక ఇల్లు, అందులోని మనుషులతో సహా కాలిపోయింది. ఆ వార్త విన్న ప్రవక్త (స), నిప్పు మనిషికి శత్రువని హెచ్చరించి, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. పధ్నాలుగు వందల ఏళ్ల నాటి ఆ ఆదేశం ఈ రాత్రికి మన ఇంటికి వర్తిస్తుంది.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల ఊళ్లలోనూ, అడవి అంచు గ్రామాలలోనూ కుంపటిలో బొగ్గులు వేసి గదిలో పెట్టుకునే అలవాటు ఉంది. తలుపులు, కిటికీలు మూసి, సందులలో గుడ్డలు కుక్కి, కుంపటి పక్కనే పిల్లలతో పడుకుంటారు. గాలి ఆడని గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, అది కంటిని మండించదు. పొగ కనబడటం లేదు కదా అని మనిషి ధీమాగా ఉంటాడు. ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ముందు తల బరువెక్కుతుంది, వాంతి వస్తున్నట్టుంటుంది, ఆపై మత్తు కమ్ముతుంది. నిద్రలో ఉన్నవానికి ఆ సూచనలు తెలియవు. తెల్లవారేసరికి ఆ ఇంట్లో తలుపు తీసేవారు ఉండరు.

గాలి పోయే దారిలేని స్నానాల గదిలో పెట్టిన గ్యాస్ గీజర్ చేసేదీ ఇదే. లారీ క్యాబిన్‌లో అద్దాలు ఎక్కించి నిప్పు పెట్టుకున్నా ఇదే ప్రమాదం. కాబట్టి గుర్తుంచుకోండి. చలి కాగవలసి వస్తే ఇంటి బయట కాగండి. కుంపటిని లోపలికి తెచ్చుకోవద్దు. ఎవరికైనా మూసిన గదిలో తలనొప్పి, మైకం కనిపిస్తే ముందు తలుపులు బార్లా తెరిచి, వారిని బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. నెగడు వద్ద కూర్చునే స్త్రీలు చున్నీ, చీర కొంగు బిగించుకోవాలి. నైలాన్ బట్ట నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. కాలిన చోట ఇంకు, పేస్టు పూయకుండా, ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయండి. నీళ్లు కాచే హీటర్ రాడ్ ప్లగ్గు పీకిన తర్వాతనే బకెట్‌లో చేయి పెట్టండి.

చలి దెబ్బ తగిలిన మనిషిని గుర్తించడం కూడా నేర్చుకోండి. మొదట వణుకు వస్తుంది. వణుకు ఆగిపోయి, మాట తడబడి, మనిషి మత్తుగా మారితే చలి తగ్గిందని పొరబడవద్దు. ప్రాణం ప్రమాదంలో పడిందని గ్రహించండి. తడిబట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, ఛాతీని, మెడను, తలను వెచ్చగా ఉంచండి. కాళ్లూచేతులూ గట్టిగా రుద్దవద్దు. స్పృహలో ఉంటేనే వెచ్చని తీపి చాయ్ తాగించండి. పసిపిల్లలను తల్లి ఒంటికి హత్తుకొని, తలకు టోపీ పెట్టి ఉంచండి. మన పొరుగున ఉండే గోండు, కొలాం కుటుంబాలలో కొందరికి సికిల్ సెల్ వ్యాధి ఉంటుంది. చలి తగిలితే వారికి ఎముకలలో భరించరాని నొప్పి మొదలవుతుంది. అది సాకు కాదు, జబ్బు. పనికి పిలిచే యజమానులు ఈ మాట తెలుసుకోవాలి.

పత్తి ట్రాక్టర్లు చీకటితోనే ఆదిలాబాద్ మార్కెట్‌కు బయలుదేరే కాలమిది. నిర్మల్ వద్ద మహబూబ్ ఘాట్‌లో మంచు దిగితే పది అడుగుల దూరం కనబడదు. బండి వెనుక ఎర్రని రిఫ్లెక్టర్ అంటించడానికి అయ్యే ఖర్చు ఎంత? రోడ్డు మీది ముల్లును తొలగించడమే పుణ్యమైతే, రోడ్డు మీద మరణాన్ని తొలగించడం ఎంతటి పుణ్యమో ఊహించండి!

నా కోసం, మీ కోసం, ముస్లిములందరి కోసం అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి.

(రెండవ ఖుత్బా)

ప్రశంసలన్నీ అల్లాహ్‌కే. ప్రవక్త (స) పై దరూద్, సలాం.

సోదరులారా! పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపు నింపుకునేవాడు విశ్వాసి కాడని ప్రవక్త (స) బోధించారు. పొరుగువాడు గడగడ వణుకుతుండగా రెండు రజాయిలు కప్పుకొని పడుకునేవాని సంగతి ఏమిటో మనమే తేల్చుకోవాలి. పొరుగువాడు అన్నప్పుడు అతని మతం ఏమిటని ఎవరూ అడగవద్దు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోస్తే, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన అడిగినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది.

మన వీధిలో చలికి గురయ్యేవారు ఎవరు? ఒంటరిగా ఉండే వితంతువు. దుబాయి వెళ్లిన కొడుకు పంపే డబ్బు ఆగిపోయిన ముసలి తల్లిదండ్రులు. బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో, మూసిన దుకాణాల అరుగుల మీద నిద్రపోయేవారు. ఇటుక బట్టీల వద్ద గుడిసెలు వేసుకున్న వలస కూలీలు. తెల్లవారకముందే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికులు. వీరిలో చాలామంది చేయి చాపరు. అడగలేని ఆత్మాభిమానం గలవారిని ముఖ కవళికలను బట్టి గుర్తించమని దివ్యఖుర్ఆన్ మనకు నేర్పింది.

వీరికి ఉపయోగపడే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తెలియక మనుషులు నష్టపోతున్నారు. 2005 నుండి నడుస్తున్న 108 అంబులెన్సుకు రూపాయి ఖర్చు లేదు. అగ్నిప్రమాదానికి 101. వృద్ధుల కోసం 14567 అనే జాతీయ సహాయ నంబరు ఉంది. ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పలుకుతుంది. ఆదుకునే దిక్కులేని వృద్ధుని గురించి ఎవరైనా ఆ నంబరుకు తెలియజేయవచ్చు. వీధిలో చిన్నపిల్లలు కనిపిస్తే 1098. పట్టణాలలో నిరాశ్రయులకు రాత్రి వసతి కల్పించాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లక్ష జనాభాకు కనీసం ఒక వసతి గృహం ఏడాది పొడవునా, రేయింబవళ్లు తెరిచి ఉండాలని చెప్పింది. మున్సిపాలిటీ, మెప్మా కార్యాలయాలలో అడిగితే మన పట్టణంలో అది ఎక్కడుందో చెప్పవలసిన బాధ్యత వారిది. జ్వరం, దగ్గు ముదరకముందే బస్తీ దవాఖానకు గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ వెళ్లాలి. ఆశా కార్యకర్త పేరు, ఫోన్ నంబరు ప్రతి ఇంటి తలుపు వెనుక రాసి ఉండాలి. పెద్ద జబ్బులకు కరీంనగర్‌లో ప్రభుత్వ పెద్ద దవాఖాన, ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉన్నాయి.

ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వాన్ని అడుగుదాము. మస్జిదు చేయవలసింది మస్జిదు చేయాలి.

మస్జిదుకు ఆనుకొని ఉన్న మదర్సా గది ఇషా తర్వాత ఖాళీగా ఉంటుంది. చలి తగ్గే వరకు రాత్రివేళ దానిని నిరాశ్రయులకు తెరవాలని కమిటీ పెద్దల ముందు ప్రతిపాదించాము. కొందరు సంకోచించారు. సామాను పోతే బాధ్యులెవరు, వచ్చేవారు ఎలాంటివారో, మన మతం కానివారు వస్తే ఎలా అని అడిగారు. ఇవి తీసిపారేయదగిన ప్రశ్నలు కావు. అందుకే ప్రతి రాత్రి ఇద్దరు యువకులు కాపలా ఉండాలి, వచ్చినవారి పేర్లు రాసుకోవాలి, సామాను గది వేరుగా తాళం వేయాలి. స్త్రీలు వస్తే వారికి వసతి మహిళల ద్వారానే వేరుగా చూడాలి. ఇక మతం మాటకు వస్తే, మస్జిదె నబవీ అరుగుపై ఇల్లూవాకిలీ లేని సుఫ్ఫా సహచరులు నివసించారు. హిజ్రీ 9వ సంవత్సరంలో సఖీఫ్ తెగ ప్రతినిధులు అప్పటికింకా ఇస్లాం స్వీకరించకముందే మస్జిదులో బస పొందారు. ప్రవక్త (స) మస్జిదులో వారికి చోటు ఉన్నప్పుడు, మన మదర్సా గదిలో ఒక బాటసారికి చోటు లేదని చెప్పడానికి మాకు నోరు రావడం లేదు. తుది మాట మీ అందరిది. నమాజు తర్వాత కాసేపు ఆగి, అభిప్రాయం చెప్పండి, కాపలాకు పేర్లు ఇవ్వండి.

దుప్పట్ల సేకరణ కూడా నేటి నుండే మొదలు. చిరిగి, మనకు పనికిరానిది ఇవ్వడం దానం కాదు. మనకు ప్రియమైనదాని నుండి ఇవ్వనంతవరకు పుణ్యాన్ని అందుకోలేమని ఖుర్ఆన్ హెచ్చరించింది. కొనేవారు వీలైతే కురుమల గొంగడి కొనండి, మన దూదేకుల కుటుంబాలతో పరుపులు, బొంతలు కుట్టించండి. చలిలో ఒకరికి వెచ్చదనం, మరొకరికి పని దొరుకుతాయి. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయవద్దు. రాత్రి వేళ, పొరుగింటివారికి తెలియకుండా, తలుపు తట్టి ఇచ్చి రండి.

ఈ పుస్తకం చేతికందిన ఇతర మస్జిదుల వారికీ మా విన్నపం ఇదే. ఒక్కొక్కరు తమ వీధిలో ఒంటరిగా ఉన్న ఒక్క ఇంటి బాధ్యత తీసుకోండి. ఉదయం ఆ ఇంటి తలుపు తెరుచుకున్నదో లేదో చూసి రండి.

ఓ అల్లాహ్! ఈ చలిని మాపై, మా పొరుగువారిపై తేలిక చేయి. నిలువ నీడ లేనివారికి నీడ కల్పించు, ఆ నీడగా మారే భాగ్యం మాకు ప్రసాదించు. మా వృద్ధులను, పసిపిల్లలను, వ్యాధిగ్రస్తులను కాపాడు. మా ఇళ్లను అగ్ని నుండి, మా ఆత్మలను నరకాగ్ని నుండి రక్షించు. ఆమీన్.