చేసిన చేతుల పేరేది?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఒక మ్యూజియంలో పాతకాలపు అలంకార వస్తువుల బాధ్యత చూసే ఉద్యోగులం. మమ్మల్ని క్యురేటర్లంటారు. పాన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌లు, హుక్కా బుడ్లు, జరీ వస్త్రాలు మా సంరక్షణలో ఉంటాయి. మాది దుమ్ము దులిపే పని అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో సగం రాతపని. ఈ వస్తువు ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిది అని చీటీ రాసి అద్దాల పెట్టెలో పెట్టాలి.

కొన్నేళ్ల కింద పెంబర్తి నుంచి ఒక పెద్దమనిషి మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మ తేల్చే ఇంటివాడు. ఒక పాన్‌దాన్ ముందు చాలాసేపు నిలబడి, చీటీ చదివించుకున్నాడు. "ఎవరి దేవిడీల ఉండెనో రాసిండ్రు. ఎవరు చేసిండ్రో రాయలేదేంది బిడ్డా?" అని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు.

ఆ రోజే రిజిస్టర్లు తిరగేశాం. ఎవరి నుంచి వచ్చింది, ఏ సంవత్సరం వచ్చింది, వెల ఎంత, అన్నీ ఉన్నాయి. చేసినవారి గడి ఖాళీ. సేకరించినవారిని తప్పుపట్టడం లేదు. మూడో సాలార్‌జంగ్ 1949లో చనిపోయాక ఆయన సేకరణ 1951లో మ్యూజియంగా తెరుచుకోబట్టే ఎన్నో వస్తువులు మనకు మిగిలాయి. కాని కొన్నవారి పేరు గోడ మీదికెక్కి, చేసినవారి పేరు కాగితం మీదికి కూడా ఎక్కకపోవడం అన్యాయం కాదా?

ఊరి పేరుదీ అదే కథ. పాత రిజిస్టర్‌లో 'హైదరాబాద్' అని ఉంటుంది. అది నగరమా, సంస్థానమా? 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది, మరాఠ్వాడా బొంబాయిలోకి పోయింది, మనల్ని ఆంధ్రలో కలిపారు. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని ఊళ్లు దాక్కున్నాయో ఆలోచించండి.

ఇక్కడ మనకు మనం ఒక చేదు నిజం చెప్పుకోవాలి. మీద అభిమానం ఉన్నంత మాత్రాన అన్నింటికీ 'మనది' అని చీటీ అంటించలేం. బిద్రీ పని బీదర్‌ది. జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, చెక్కిన గీతల్లో వెండి తీగ దిగ్గొట్టి, బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. తేలియా రుమాలు మొదట చీరాల నేతది. తర్వాత పుట్టపాక పద్మశాలీలు దాన్ని నిలబెట్టారు. రెండూ రాయాలి. మన పేరు చెరిపినందుకు కొట్లాడిన వాళ్లం, ఇంకొకరి పేరు చెరపగూడదు. ఆత్మగౌరవం అంటే అదే.

అందుకని మేం ఫోటోలు పట్టుకుని పెంబర్తికి, కరీంనగర్‌కు పోయాం. పుస్తకాల్లో దొరకనిది పనివాళ్లు సుత్తి దెబ్బను, తీగ మెలికను చూసి చెప్పారు. ఆధారం దొరికిన చోట ఊరు, పనితనం రాశాం. దొరకని చోట ఖాళీ వదల్లేదు. 'చేసినవారి పేరు నమోదు కాలేదు' అని రాశాం. ఖాళీ గడిని ఎవరూ చూడరు. ఆ వాక్యాన్ని మాత్రం చదివి ఎందుకు అని అడుగుతారు.

2014 జూన్ 2న రాష్ట్రం సాధించుకున్నాం. మరి మన చేతులతో మనం ఏం చేస్తున్నాం? ఆఫీసుల్లో పదవీ విరమణ సభకు కరీంనగర్ వెండి తీగ జ్ఞాపిక కొంటాం, నిర్మల్ బొమ్మ కొంటాం, చేర్యాల నకాషీ పటం కొంటాం. దాని కింద ఎవరి పేరు రాయిస్తాం? ఇచ్చినవారిది, పుచ్చుకున్నవారిది. చేసినవారిది రాయించం. వంద ఏళ్ల తర్వాత అది మ్యూజియానికొస్తే, అప్పటి క్యురేటర్ ముందు మళ్లీ అదే ఖాళీ గడి ఉంటుంది.

ఉద్యోగ మిత్రులారా, ఇకనుంచి కొనేటప్పుడు చేసినవారి పేరు, ఊరు అడిగి రాయించండి. విద్యార్థి మిత్రులారా, మీ ఇండ్లల్లో ఉన్న పాత ఇత్తడి బిందె ఎవరు చేసిందో నాయనమ్మను, అమ్మమ్మను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. వాళ్లున్నప్పుడే అడగండి.

పెంబర్తి పెద్దమనిషికి మేం బాకీ ఉన్నాం. మనందరం బాకీ ఉన్నాం.

జై తెలంగాణ!