వేసవి అల్లికలు - దారం ఎంపిక, తప్పుల దిద్దుబాటు

(సంఘం వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను డి.ఎ. బకాయిల గురించి గాక అల్లికల గురించి మాట్లాడమనగానే వెనక వరుసలో కొందరు నవ్వారు. ముప్పై అయిదేళ్లు రిజిస్టర్లు రాసిన గుమాస్తాకు క్రోషే సూదితో ఏం పని అని కాబోలు. మనవి చేస్తాను. మా ఇంట్లో అల్లేది మా ఆవిడ, లెక్క పెట్టేది నేను. గ్లాకోమా వల్ల ఆమె చూపు బాగా తగ్గింది. వేళ్లకు పని తెలుసు గాని, చుట్టుకు ఎన్ని కుట్లు పడ్డాయో కంటికి ఆనదు. అందుకని అరవై ఎనిమిదో ఏట నేను కుట్లు లెక్కించడం నేర్చుకున్నాను. ఇది నాలుగో వేసవి.

మా అత్తవారిది నరసాపురం ప్రాంతం. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు పని అక్కడ ఇంటింటి పని అయింది. పువ్వులు అల్లేవారు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసేవారు వేరు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీల గురించి ఒక పుస్తకమే ప్రచురించారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఆవిడకు ఈ విద్య తల్లి చేతి నుంచి అబ్బింది.

ముందు దారం సంగతి. వేసవిలో ఒంటికి తగిలే వస్తువేదైనా నూలుతోనే అల్లాలని నా ఖచ్చితమైన అభిప్రాయం. దుకాణంలో చవక అని, రంగు బాగుందని యాక్రిలిక్ ఉండ అంటగడతారు. అది ప్లాస్టిక్ జాతి, చెమట పీల్చదు. వేడి ఇస్త్రీ పెట్టె తగిలిందంటే సాగిపోతుంది, మళ్లీ మొదటి ఆకారానికి రాదు. నూలులో రెండు రకాలున్నాయి. కాస్టిక్ సోడా ద్రావణంలో బిగలాగి శుద్ధి చేసిన దాన్ని మెర్సరైజ్డ్ నూలు అంటారు. దానికి మెరుపు, బలం ఎక్కువ. టేబులు గుడ్డలకు, దుప్పటి అంచులకు అదే బాగుంటుంది. పసిపిల్లల టోపీకి, ముఖం తుడుచుకునే గుడ్డకు మెరుపు లేని మామూలు నూలు మేలు. మెత్తన, తడి బాగా పీలుస్తుంది.

లేసు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది. పది నంబరు లావు, నలభై సన్నం, ఎనభై మరీ సన్నం. మన వయసు వారు పదితోనో ఇరవైతోనో సరిపెట్టుకోవడం మంచిది. నల్ల దారం మాత్రం రాత్రి దీపం వెలుతురులో ముట్టవద్దు; కుట్టు కనబడక కళ్లు పీక్కుపోతాయి. ఉండలన్నీ ఒకేసారి కొనండి, చీటీ మీద లాటు నంబరు ఒకటేనా అని చూసుకోండి. ఒకే రంగు పేరుతో వచ్చినా లాటు మారితే అల్లిక మధ్యలో చార తేలుతుంది. కొత్త రంగు దారాన్ని తడిపి తెల్లగుడ్డలో పిండితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. నాలుగంగుళాల ముక్క అల్లి, ఉతికి, ఆరవేసి కొలిస్తే ఎంత కుదించుకుంటుందో తెలుస్తుంది. ఆ ముక్క అల్లడానికి బద్ధకించే వారే తర్వాత చొక్కా పొట్టిదైందని వాపోతారు. రెండు సూదులతో స్వెటరు అల్లే వారికి ఇంకొక మాట. నూలుకు ఊలంత సాగుడు లేదు, బరువు ఎక్కువ. వేసుకున్నకొద్దీ కిందికి వేలాడుతుంది. కొంచెం పొట్టిగానే అల్లాలి.

ఇక తప్పులు. ఆఫీసులో రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు, బ్లేడుతో గీకకూడదు. అడ్డంగా ఒక గీత కొట్టి, సరైనది పైన రాసి, పొట్టి సంతకం పెట్టాలి. అల్లికలో అంతా తిరకాసు. తప్పు దాకా విప్పేస్తే ఆనవాలే ఉండదు. క్రోషేలో సూది మీద ఉండేది ఒకటే ముడి కనుక సూది తీసి దారం లాగితే చాలు, కావలసిన చోట ఆగవచ్చు. రెండు సూదుల పనిలో అలా కాదు. సూది మీద వందేసి ముడులుంటాయి. ఒకటి జారితే నిచ్చెనలా కిందికి దిగిపోతుంది. కంగారు పడి లాగవద్దు. జారిన ముడికి పిన్నీసు తగిలించి, క్రోషే సూదితో ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కించాలి. పది వరుసలకు ఒకసారి వేరే రంగు కుట్టుదారాన్ని ముడులన్నిటి గుండా దూర్చి ఉంచితే, ఎంత విప్పినా అక్కడికి వచ్చి ఆగుతుంది.

తప్పు ఎక్కడుందో అల్లికే చెబుతుంది. గుండ్రటి ముక్క అంచులు అలలు తిరిగితే కుట్లు ఎక్కువయ్యాయని, గిన్నెలా లేస్తే తక్కువయ్యాయని అర్థం. పొడుగు కుట్లతో చదునుగా రావాలంటే చుట్టుకు పన్నెండు, పొట్టి కుట్లయితే ఆరు చొప్పున పెంచుతూ పోవాలి. చదరం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంటే వరుస చివరి కుట్టు వదిలేస్తున్నారన్న మాట. విప్పిన నూలు వంకర్లు తిరిగి ఉంటుంది. అట్టకు చుట్టి, తడిపి, ఆరనిస్తే సాపవుతుంది.

అయితే ప్రతి తప్పునూ విప్పాలా? ఇక్కడే మా దంపతులకు పేచీ. మొన్న మే నెలలో మునిమనవడికి టోపీ అల్లుతోంది. ఎనిమిదో చుట్టుకు తొంభై ఆరు కుట్లు వచ్చాయి, అక్కణ్ణుంచి పెంచకుండా దిగాలి. పన్నెండో చుట్టు లెక్కిస్తే తొంభై అయిదే. లోపం పదో చుట్టులో తేలింది. పైచుట్టులో ఒక కుట్టు చేర్చేస్తే ఎవరికీ కనబడదు, పిల్లవాడికి అసలే తెలియదు అన్నాను. “మీకు కనబడిందిగా అండీ” అని రెండు చుట్లూ లాగేసింది.

ఆ పట్టుదల ఎక్కడిదో నాకు తెలుసు. వాళ్లమ్మగారికి ముక్కల లెక్కన కూలి. వంకర ముక్కను ఏజెంటు తిప్పి పంపేవాడు. దాన్ని విప్పి మళ్లీ అల్లిన పూటకు కూలి లేదు. ఆ భయంతో ఆమె పిల్లల చేత మొదటి వరుసలోనే లెక్క పెట్టించేది. ఇప్పుడు మన ముక్కను తిప్పి పంపేవాడు లేడు గదా అని నా వాదన. ఆకారం చెడగొట్టే తప్పును విప్పాలి, చెడగొట్టని దాన్ని వదలవచ్చు అని ఇప్పటికీ అంటాను. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

ఉక్కపోతకు అరచేతులు చెమర్చి తెల్లదారం మాసిపోతుంది. పక్కన తువ్వాలు ఉంచుకోండి. ఉండను మూత డబ్బాలో పెట్టండి, లేకుంటే ఫ్యాను గాలికి ఇల్లంతా దొర్లుతుంది.

సూదీ దారం వెంట తెచ్చుకున్నవారు ఫలహారం అయ్యాక ఉండండి. మా ఆవిడ రెండో వరుసలో కూర్చుంది. పని కోసం ఆవిడ దగ్గరకు, లెక్క కోసం నా దగ్గరకు రండి.