చిట్టచివరి సైకిలు నాదే!



నలభైఆరేళ్ళ ఇల్లాలు సైకిలెక్కి ఊళ్ళు తిరగడమేమిటని మీరు నవ్వుకుంటారేమో! మా అత్తగారు నవ్వలేదు. "నీకేమైనా మతి పోయిందా?" అన్నారు. మావారు మాత్రం, "సాయంత్రం బస్సుకి వచ్చేస్తావులే. నీకూ కలిపి అన్నం వండి ఉంచుతాను" అన్నారు. ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. తిప్పలన్నీ ఆ పౌరుషంతోనే మొదలయ్యాయి.

మేం తొమ్మిదిమంది ఆడవాళ్ళం. మూడురోజుల ప్రయాణం. రాజమండ్రి నుంచి అమలాపురం, మర్నాడు రాజోలు, మూడోనాడు అంతర్వేది. మొదటిరోజే 60 పైచిలుకు కిలోమీటర్లు. మమ్మల్ని నడిపించే ఆమె కాలేజీ లెక్చరరు, నాకంటే పదేళ్ళు చిన్న. బయలుదేరేముందు ఆమె ఒక కాగితం చదివింది. మొదటి గంట ఎవరూ దూకుడు చెయ్యకూడదు. దాహం వెయ్యకముందే నీళ్ళు తాగాలి. ఎక్కడెక్కడ మరుగుదొడ్లున్నాయో కూడా అందులో ఉంది. అందరికంటే వెనక తను వస్తుంది, ఆమెకు వెనక ఎవరూ మిగలకూడదు. మేమంతా బుద్ధిగా తలలూపాం.

హైస్కూలు రోజుల్లో మా నాన్నగారి పెద్ద సైకిలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కినదాన్ని. ఇప్పుడు మా అమ్మాయి గేర్ల సైకిలు దొరికింది. ఇంకేం? చున్నీ చైనులో పడకుండా నడుముకి బిగించి, అందరికంటే ముందు ధవళేశ్వరం చేరాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ అది. పొద్దుటి గోదావరి చూడవలసిన దృశ్యమే. నేను మాత్రం ముందుచక్రం తప్ప ఏమీ చూడలేదు.

బొబ్బర్లంక దాటి కాలవగట్టు రోడ్డెక్కాం. ఆత్రేయపురంలో అందరూ ఆగి పూతరేకులు తిన్నారు. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను ఒక రేకు తిన్నాను గానీ నీళ్ళు ముట్టుకోలేదు. ఎందుకో ఆడవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్ళు తాగితే దారిలో ఎక్కడికి వెళ్ళాలి? నా ఒక్కదానికోసం ఎనిమిదిమందిని ఎలా ఆపడం?

లొల్ల లాకుల దగ్గరకొచ్చేసరికి కుడిమోకాలు సలుపు మొదలైంది. రావులపాలెంలో తల తిరిగింది. బస్టాండులో రాజమండ్రి బస్సు సిద్ధంగా ఉంది. "ఇంట్లో పని గుర్తొచ్చింది, నేను వెళ్ళిపోతానమ్మా" అని అబద్ధమాడాను.

ఆమె నా సైకిలుకున్న సీసా చూసింది. "అక్కయ్యగారూ, మూత కూడా తియ్యలేదే!" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉన్నమాట చెప్పేశాను.

ఆమె నన్ను మందలించలేదు. బస్టాండులో ముందు నా అవసరం తీర్చుకు రమ్మంది. ఉప్పు వేసిన మజ్జిగ, రెండు అరటిపళ్ళు ఇప్పించి, ముప్పావుగంట నీడన కూర్చోబెట్టింది. ఈలోగా నా సీటు రెండంగుళాలు పైకెత్తింది. పెడలు కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలట. సీటు మరీ కిందికుంటే భారమంతా మోకాలిమీదే పడుతుందట.

అప్పుడు మాలో ఒకావిడ నెమ్మదిగా అంది. "మీరలా పరుగెడుతుంటే ఆగమనడానికి మొహమాటపడి మేమూ ఆయాసపడుతూ వచ్చామండీ!"

చూశారా! తొమ్మిదిమందికీ అలసటే. పైకి చెప్పిన వాళ్ళు ఒక్కరూ లేరు.

బస్సు వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు. మధ్యాహ్నమంతా లెక్చరరుగారికి ఒక్క అడుగు ముందు, అంటే మా ఎనిమిదిమందిలో చిట్టచివర తొక్కాను. కొత్తపేట దాటాక ఎదురుగాలి. చిన్న గేరు వేసుకుని, ప్రతి పావుగంటకీ రెండు గుక్కలు తాగుతూ సాగాను. రెండుసార్లు నోరు విప్పి, "నాకోసం ఆగండి" అన్నాను. ఆగారు. ఆకాశమేం ఊడిపడలేదు. అంబాజీపేట దగ్గర బొండాలమ్మే ఆయన, "ఎందాకండీ?" అని అడిగాడు. "అంతర్వేదండీ" అన్నాను. "ఆయ్! మంచిదండీ. తాగెళ్ళండి" అంటూ నాకు లేత బొండం కొట్టిచ్చాడు. కొబ్బరితోటలూ, కాలవలూ, గట్టుమీద ఆరేసిన చీరలూ అప్పుడు కంటబడ్డాయి నాకు.

సాయంత్రం అమలాపురం చేరి ఇంటికి ఫోను చేశాను. "ఏ బస్సెక్కావు?" అన్నారు మావారు. "అమలాపురంలో ఉన్నాను. నా అన్నం కూడా మీరే తినండి" అన్నాను. కాసేపు మాట లేదు. తరవాత, "కాళ్ళకి కొబ్బరినూనె రాసుకో" అన్నారు.

ఇంట్లో అందరూ తిన్నాక తినడం, ఒంట్లో బాగులేకపోయినా చెప్పకపోవడం మనకి అలవాటు. అది ఓర్పు అనుకుంటాం. ఆ ఓర్పే నన్ను రావులపాలెంలో బస్సెక్కించబోయింది. సైకిలు ఎక్కినా ఎక్కకపోయినా, దాహమైతే తాగండి, అలిసిపోతే ఆగమనండి. మనం నోరు విప్పితే పక్కనున్న ఇంకొకామె కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

సెలవు.